పది ఇళ్ళ చాకి

చింతామణికి ఆరు మైళ్ళ దూరంలో ఉన్న ఆ పల్లె బడిలో, శుక్రవారం చివరి గంట నీతి పాఠానిది. పట్టాభిరామ మేష్ట్రుకి ఆ గంటంటే ప్రాణం. ఆయనది బాగేపల్లి వైపు గుడి పూజారుల ఇల్లు. మైసూరులో రెండేళ్ళు చదివి, అక్కడ విన్న తత్త్వశాస్త్రాన్ని ఎక్కడ వాడుకోవాలో తెలియక, ఎనిమిదో తరగతి పిల్లలకు చెప్పుకునేవాడు.

"ఒక పని మంచిదా, చెడ్డదా? తేల్చేదానికి రెండు దారులుండాయి" అన్నాడు ఆ రోజు. "ఒకటి, ఎంతమందికి మేలు, ఎంతమందికి కీడు అని చూసేది. రెండోది, ఫలితం మాట వదిలేసి, చేసే పని సరైనదా కాదా అని చూసేది. రెండో దారిలో అబద్ధం అబద్ధమే, దానివల్ల ఊరంతా బతికినా సరే. మీ ఇండ్లల్లో జరిగేది ఏదన్నా చెప్పండి, చూద్దాం."

వెనక నుంచి వెంకటప్ప లేచాడు. "మా అవ్వ పాలల్లో నీళ్ళు పోస్తాది మేష్ట్రూ. తాగినోళ్ళకు కడుపు చల్లగా ఉంటాదంట. అది మొదటి దారి కదా?"

తరగతంతా నవ్వింది. గంట కొట్టారు. పిల్లలు వెళ్ళిపోయినా మునిరత్న మాత్రం కదలలేదు. సీనప్ప కూతురు, పద్నాలుగేళ్ళది.

"ఒక ఇంట్లో చాకి పెట్టినారనుకోండి మేష్ట్రూ" అంది.

చాకి అంటే గుడ్లలోంచి వచ్చిన పట్టుపురుగుల్ని కొన్నాళ్ళు ఒకే ఇంట్లో లేత ఆకు తరిగి వేసి సాకడం. కాస్త పెరిగాక పది ఇళ్ళవాళ్ళు పంచుకుపోతారు. గూళ్ళు కట్టాక శిడ్లఘట్ట మార్కెట్టుకు తోలుకుపోతారు.

"ఆ పురుగుల మింద మిరియాల పొడి చల్లినట్ల నల్ల చుక్కలు లేచినాయి. రోగం. ఇంటాయనకు తెలుసు, కూతురికీ తెలుసు. చెప్తే నాయన పరువు పోతాది. చెప్పకుంటే పది ఇండ్ల పంట పోతాది. ఆ పిల్ల ఏమి చెయ్యాల?"

ఆరేళ్ళ ఉద్యోగంలో అంత మంచి ప్రశ్న ఆయనను ఎవరూ అడగలేదు. మొహం వెలిగిపోయింది. "భలే అడిగినావమ్మా. ఇది తొందరపడి తేల్చేది కాదు. వచ్చే శుక్రవారం తరగతిలో పెడదాం."

"వచ్చే శుక్రవారమా?" అని పిల్ల పుస్తకాలు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆదివారం పొద్దున మేష్ట్రు భార్య అలమేలు ఖాళీ చెంబుతో లోపలికి వచ్చింది. "ఇవాళ పాలు లేవండీ. పాలు పోసే తిమ్మక్క సీనప్ప ఇంటికి పోయిందంట. అక్కడ చాకి పంచుతున్నారంట" అంది భర్తతో.

ఆయన చేతిలోని పుస్తకం కింద పెట్టి లేచాడు. పురుగులు శుక్రవారం దాకా ఆగవని ఆ పూజారి బిడ్డకు తట్టనే లేదు. చెప్పులు కూడా వేసుకోకుండా నడిచాడు.

సీనప్ప వాకిట్లో పదిమంది తట్టలతో నిలబడి ఉన్నారు. "మేష్ట్రు కూడా పురుగులు సాకేదానికొచ్చినారే" అంది తిమ్మక్క. "మరి అలమేలమ్మ ఇంట్లో చోటిస్తాదా?"

గడప లోపల మునిరత్న ఆకు తరుగుతోంది. తల ఎత్తలేదు. ఇక్కడ నోరు విప్పితే ఎవరు చెప్పారో సీనప్పకు ఆ క్షణమే తెలిసిపోతుంది. విప్పకపోతే పది ఇళ్ళు. ఆయన చెయ్యి నడుముకు పోయింది. అక్కడ నశ్యం డబ్బీ ఉంది. పొగాకు తగిలితే పట్టుపురుగు మెలితిరిగి చస్తుందని, బీడీ తాగేవాణ్ణీ నశ్యం పీల్చేవాణ్ణీ పురుగులు సాకే గది గడప తొక్కనివ్వరని ఆయనకూ తెలుసు.

కాళ్ళయినా కడుక్కోకుండా, చూసిపోతానన్నట్టు లోపలికి నడిచాడు. డబ్బీ తీశాడు. తూలినట్టు తూలి, అంతా తట్టల మీద పోశాడు. కండువాతో తుడవబోతున్నట్టు మిగిలిన తట్టలకూ పూశాడు.

సీనప్ప కళ్ళల్లో మొదట కోపం కనిపించలేదు. బరువు దించుకున్నవాడిలా ఊపిరి వదిలాడు. ఆ తర్వాతే అరిచాడు. "నా కొంప ముంచినావు కదయ్యా."

"సదువుకున్నోనికి ఈ మాత్రం తెలీదా" అంది తిమ్మక్క.

పురుగుల్ని ఎరువు గుంటలో పూడ్చారు. ఆ వారమంతా ఊళ్ళో ఎదురైన ప్రతివాడూ ఆయనకు చీవాట్లు పెట్టాడు. ఆయన తల వంచుకుని పడ్డాడు. లోపల మాత్రం కొంచెం గర్వంగానే ఉండేది. పది ఇళ్ళకూ రోగం పాకలేదు, పిల్ల పేరు బయటికి రాలేదు.

శుక్రవారం తరగతి అయ్యాక మునిరత్న మళ్ళీ ఆగింది.

"మా ఇంట్లోనే ఇంకోసారి చాకి పెడతాండారు మేష్ట్రూ. పాపం సీనప్పకు అన్యాయం అయ్యిందని అందరూ కలిసి మాకే ఇచ్చినారు. తట్టలు అవే. మా నాయన నీళ్ళతో కడిగి ఎండేసినాడు."

"నీళ్ళతో కడిగితే రోగం పోతాదా?"

"పొగాకు పోతాది. రోగం యాడికి పోతాది?"

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. "మీ నాయనతో నేను మాట్లాడతాలే."

"ఏమని మాట్లాడతారు? ఆ పొద్దు నేనే చెప్పింటే పురుగులు అందరి కండ్ల ముందర ఉన్నాయి, నమ్మేవాళ్ళు. మీరు పోసినంక మా నాయన మంచోడైపోయినాడు. ఇప్పుడు చెప్తే నన్నెవరు నమ్ముతారు?" పిల్ల గొంతులో నిష్ఠూరం లేదు. అది ఆయనకు ఇంకా కష్టమనిపించింది.

ఆయన లేచాడు. "పద. కావాలనే పోసినానని చెప్తా. రోగం నేనే చూసినానంటా. నీ పేరు రానియ్యను."

"అదీ అబద్ధమే కదా మేష్ట్రూ."

పిల్ల ముందు నడిచింది, ఆయన వెనక నడిచాడు.

తిమ్మక్క వాకిట్లో పేడ కలుపుతోంది. ఇద్దర్నీ చూసి, "ఏం మేష్ట్రూ, పిల్ల సరిగ్గా సదవలేదని చెప్పేదానికొచ్చినారా? సీనప్ప ఇల్లు అవతల కదా" అంది.

ఆయన నోరు తెరవబోయాడు. మునిరత్న ఆయనకన్నా ముందే అంది, "చెయ్యి కడుక్కోని రా అక్కా. మా నాయన సంగతి ఒకటి చెప్పాల."