పడవలా మూసిన కిటికీ

ఆ ఆదివారం పొద్దున ఆకాశం లేనట్టే ఉంది. సముద్రం అవతల తగలబడుతున్న అడవుల పొగ రాత్రికి రాత్రే వచ్చి వీధి మీద పరుచుకుంది. సూర్యుడు పనసతొన రంగులో, ఎండ లేకుండా వేలాడుతున్నాడు. మేడల పై అంతస్తులు కలలో చూసినట్టు సగం ఉన్నాయి, సగం లేవు.

సెరంగూన్ రోడ్డు వెనక సందులో రాజామణి ఆంటీ వాళ్ళ పాత ఇల్లు. ఈ ఊళ్ళో అలాంటి ఇళ్ళకి రెక్కల కిటికీలే ఎక్కువ. ఎవరు కట్టించారో గానీ ఈ ఇంటి మేడగదికి మాత్రం పైకీ కిందికీ జరిగే అద్దాల కిటికీ పెట్టించారు. పక్కన గోడలో ఒక ఇనప గుండు తాడుకి కట్టి ఉంటుంది. అది దిగుతుంటే కిటికీ లేస్తుంది. చెక్క అరిగి చుట్టూ సందులు పడ్డాయి. వేలు పెడితే గాలి తగులుతుంది.

ఆమె భర్త సీతారాములు అంకుల్‌కి ఊపిరితిత్తులు బాగాలేవు. పొగ రోజుల్లో గది మూసుకుని, గాలి శుభ్రంచేసే మిషను పెట్టుకుని పడుకోమని డాక్టరు చెప్పాడు. ఆయన పడుకోడు. వయసులో ఉండగా ఓడల నూనె ట్యాంకులు కడిగే పని చేశాడు. ఒకసారి లోపల మనిషి ఉన్నాడో లేడో చూడకుండా పైన మూత వేసేశారట. అప్పటినుంచి మూసిన గదిలో ఆయన ఉండలేడు. వారం నుంచి ఇంటి ముందు నడవాలో కుర్చీ వేసుకుని, పొగ మింగుతూ, దగ్గుతూ రాత్రులు గడుపుతున్నాడు.

అందుకే మేడగది కిటికీ సందులు పూడ్చమని ఆంటీ తనకి తెలిసిన పైడిరాజుని పిలిచింది. తోడుగా నేనూ వెళ్ళాను. ఇద్దరిదీ ఒకే కూలీల డార్మిటరీ. ఈ దేశం వచ్చి చేసేది కట్టడం పని గానీ, భీమిలి దగ్గర వాళ్ళ ఊళ్ళో పైడిరాజు చేసేది పడవ పని. చెక్కల మధ్య దూది కూరి గుగ్గిలం పూస్తాడు.

"గాలే కదమ్మా," అన్నాడు కిటికీ తడిమి చూసి. "నీలే రానివ్వం మేం."

పూజ సామాను కొట్లో గుగ్గిలం కొన్నాడు. పెరట్లో కొబ్బరినూనె పోసి కరిగించాడు. దూదిని తాడులా పేని, మొద్దు ఉలితో సందుల్లోకి తడుతూ పోయాడు. నేను నిచ్చెన పట్టుకున్నాను, ఆంటీ పక్కన నిలబడి చూస్తోంది. సందు పూడుతున్న కొద్దీ వీధి చప్పుళ్ళు ఒక్కొక్కటే సన్నగిల్లాయి. ముందు పూలకొట్టు రేడియో పోయింది. తర్వాత సైకిలు గంటలు. బస్సులు ఎక్కడో నీళ్ళ అడుగున నడుస్తున్నట్టు వినిపించాయి. చివరికి మా ముగ్గురి ఊపిరే మిగిలింది. నాకు నిద్ర ముంచుకొచ్చింది.

గుగ్గిలం వాసన తగ్గాక ఆంటీ అంకుల్ని మేడ మీదికి తెచ్చింది. ఆయన మంచం మీద కూచున్నాడు. ఆంటీ తలుపు వేసింది. మేం మెట్ల మీద నిలబడ్డాం.

కాసేపటికి లోపల దబదబా చప్పుడు. ఆంటీ తలుపు తోసింది. అంకుల్ రెండు చేతులతో కిటికీ ఎత్తుతున్నాడు. అది కదలడం లేదు. మొహమంతా చెమట. మమ్మల్ని తోసుకుని మెట్లు దిగి నడవాలోకి వెళ్ళిపోయాడు.

పైడిరాజు కూడా ఎత్తి చూశాడు. జరిగే చోట కూడా గుగ్గిలం గట్టిపడింది.

"ఏం చేశావురా పైడీ?"

"పడవలో ఏదీ కదలకూడదు కదమ్మా."

"పడవ చెయ్యమన్నానా నిన్ను? మా ఆయన్ని ఎక్కించి ఎక్కడికి పంపుదామని?" అంది ఆంటీ. అని, మంచం మీద కూలబడింది. "తెరిస్తే తెరుచుకుంటుందని చేతికి తెలిస్తేనే ఆయన మూయనిస్తాడు. ఇంకొక్క రాత్రి పొగలో కూచుంటే ఆస్పత్రే, తెలుసా."

పైడిరాజు మళ్ళీ నిచ్చెన ఎక్కాడు. కూరిన దూదంతా ఉలితో గీకడం మొదలుపెట్టాడు. నేను కింద రాలినవి ఏరాను.

ఆంటీ లేచి కిందికి వెళ్ళింది. తర్వాత బీరువాలోంచి గాజుల పెట్టె తీసుకొచ్చింది. దాని మూత గాడిలో జారుతుంది. గాడికి ముఖమల్ అతికించి ఉంది.

"ఇది చూడు. చీమ దూరదు. వేలితో తోస్తే పోతుంది."

పైడిరాజు మూత తోశాడు. మళ్ళీ తోశాడు. "ఈ గుడ్డ ఎక్కడ దొరుకుతాదమ్మా?"

"టెక్కా మార్కెట్ మేడ మీద. మా టైలరమ్మ దగ్గర." అప్పటికే చెప్పులు వేసుకుంటోంది.

ముఖమల్‌ని సన్నటి పట్టీలుగా కోసి చట్రం అంచుల వెంట అతికించాం. గాడికి కొవ్వొత్తి రుద్దాం. చివికిన తాడు తీసి కొత్తది కట్టాం. ఒక్క వేలితో లేపితే కిటికీ లేచింది. దించితే వీధి మళ్ళీ దూరమైపోయింది.

పైడిరాజు నడవాలోకి వెళ్ళి నిలబడ్డాడు.

"రండి అంకుల్. ఈపాలి పడవ కాదు."

"మునగదుగా?"

"తేల్తాది."

"చూద్దాం లా," అని ఈ ఊరి ఊతపదం తగిలించి ఆయన గోడ పట్టుకుని లేచాడు. మెట్లు ఒక్కడే ఎక్కాడు. తలుపు తనే వేసుకున్నాడు.

మేం వంటింట్లో కూచున్నాం. గోడలో గుండు దిగింది. కిటికీ తెరిచాడన్నమాట. పైకి పోయింది. మూశాడు. మళ్ళీ దిగింది. నిద్రలో ఎవరో పక్కకి ఒత్తిగిల్లినట్టుంది ఆ చప్పుడు. తెరవడానికీ మూయడానికీ మధ్య ఎడం పెరుగుతూ వచ్చింది. ఆంటీ చారు కలుపుతూ తల పైకెత్తి వింటోంది. గుండు మరోసారి పైకి పోయింది. తర్వాత దిగలేదు. దగ్గు కూడా లేదు.

ఆంటీ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. తర్వాత అది పక్కన పెట్టి, మెట్లు చప్పుడు కాకుండా ఎక్కి, అలాగే దిగొచ్చింది. పొయ్యి ఆర్పింది. మూడు కంచాలు పెట్టింది.

"ఏటమ్మా..." అనబోయాడు పైడిరాజు. ఆంటీ పెదాల మీద వేలు పెట్టి, పడుకున్నాడన్నట్టు తల చేతి మీదికి వాల్చి చూపింది. మేడ నేల చెక్కది. కింద మాట పైకి వినబడుతుంది.

అన్నం, చారు, వేయించిన నెత్తళ్ళ చేపలు. నెత్తళ్ళు కరకరలాడతాయని పైడిరాజు వాటిని చారులో నానబెట్టుకుని తిన్నాడు. ఆంటీ అతని కంచం వైపు చూసి, తనూ చారులో వేసుకుంది. నేనూ వేసుకున్నాను.