గులాబీ గౌను ఆమె పక్కన ఖాళీ

గిరావీన్‌లో అమృతం ఆంటీ ఇంట్లో పొద్దున్నే మొదటి పని హాల్లో ఇసుక ఊడవడం. సోఫా వెనక గోడకున్న పటంలోంచి రాత్రంతా రాలుతుంది. రెండేళ్ల కిందట కౌన్సిల్ వాళ్లు పాత సామాను ఎత్తుకెళ్లే క్లీనప్ రోజున ఎవరో ఫుట్‌పాత్ మీద పడేసిన పటం అది. కుర్చీల కోసం వెళ్లిన ఆంటీ భర్త సుందర్ రాజు అంకుల్ దీన్ని చంకన పెట్టుకుని వచ్చారు. నూరేళ్ల కిందట ఫ్రెంచి ఆయన ఒకరు పసిఫిక్ దీవిలో కూర్చుని వేసిన బొమ్మకి అచ్చు. పసుప్పచ్చ ఇసుక మీద ఇద్దరు ఆడవాళ్లు. ఒకామె క్రైస్తవ మిషను దొరసానులు కుట్టిచ్చిన గులాబీ గౌను మెడదాకా వేసుకుని తల దించుకుని ఉంటుంది. రెండో ఆమె ఎర్ర పూల గుడ్డ చుట్టుకుని, చెవిలో పువ్వు పెట్టుకుని, భుజాలు కప్పుకోకుండా కూర్చుంటుంది. బయట సముద్రం ఎలా ఉంటే వాళ్ల వెనక సముద్రం అలా ఉంటుంది. అందుకే బీచికెళ్లేముందు అంకుల్ ఫోన్‌లో వెదర్ చూడరు, గోడ వంక చూస్తారు.

ప్రతి శుక్రవారం ఇంట్లో ప్రార్థన కూటం. పాస్టరుగారు వస్తారంటే ఆంటీ ఆ భుజాల కోసం పటం మొత్తానికీ దుప్పటి కప్పేస్తుంది. ఒక్కామెనే కప్పొచ్చుగా అని అంకుల్ ఆటపట్టిస్తే, "మీరు ఊరుకోండి, వాళ్లిద్దర్నీ విడదీయడం నాకిష్టం లేదు" అంటుంది.

వెనక గదిలో అద్దెకుండేది డయానా. భీమవరం దగ్గర పల్లె, చదువుకి ఈ దేశం వచ్చింది, నర్సింగ్ రెండో ఏడు. ఒక శుక్రవారం పాస్టరు రాజారావుగారు, "ఆదివారం పొద్దున్న ఏడింటికి బీచిలో మన డయానాకి బాప్తిస్మం" అన్నారు. అందరూ స్తోత్రం అన్నారు. డయానా గోడ మీది దుప్పటి వంక చూసింది.

నీళ్లంటే ఆమెకి చచ్చేంత భయం. తొమ్మిదో ఏట కాలువ రేవులో కాలు జారి మునిగిపోయింది. ఎవరో జుట్టు పట్టి బయటికి లాగారు. బతికింది గానీ ఈనాటికీ షవర్ కింద తల పెట్టదు, మెడ వంచి మగ్గుతో తడుపుకుంటుంది. యూనివర్సిటీలో అందరూ బీచికి బయల్దేరితే అసైన్‌మెంట్ ఉందంటుంది. ఆమెని ఒడ్డుకి లాగిన రోజే వాళ్లమ్మ మొక్కుకుంది, పెద్దయ్యాక ముంచి బాప్తిస్మం ఇప్పిస్తానని.

శనివారం ఇంటికి ఫోన్ చేసింది. "అమ్మా, మన చర్చిలో తొట్టి ఉందిగా. నేనొచ్చాక చూద్దాంలే."

"మొక్కుకుని పన్నెండేళ్లయింది, అడిగినప్పుడల్లా చూద్దాంలే అంటావు. పాస్టరుగారు పట్టుకునే ఉంటారు కదే."

"చెయ్యి జారితే?"

"నేనూ రోజూ అదే అనుకుంటానమ్మా. అందుకే ఆ మొక్కు అయిపోవాలి" అంది అమ్మ.

ఆదివారం అయిదున్నరకే డయానా హాల్లోకి వచ్చింది. దుప్పటి ఇంకా పటం మీదే ఉంది. సముద్రం పొంగి ఉంటే చాలు, అంకుల్ చూసి ప్రోగ్రాం కాన్సిల్ చేయిస్తారు. అలా పొంగాలని ప్రార్థన కూడా చేసుకుంది, అలాంటి ప్రార్థన చేయొచ్చో లేదో తెలియకుండానే. దుప్పటి లాగింది.

సముద్రం పళ్లెంలో నీళ్లలా ఉంది. ఆడవాళ్లిద్దరూ మాత్రం చెరో పక్కకి జరిగి, మధ్యలో ఖాళీ వదిలారు. ఎప్పుడూ తలెత్తని గులాబీ గౌను ఆమె తలెత్తి, తిన్నగా డయానా వంకే చూస్తోంది. ఆ ఖాళీలో ఇసుక చేత్తో చదును చేసి పెట్టింది.

"ఆంటీ" అని పిలిచింది. ఆంటీ నైటీ మీద తువ్వాలు కప్పుకుని వచ్చింది.

"నాకు చోటు పెట్టారు ఆంటీ. నేను ఇవాళ తిరిగి రాను."

ఆంటీ పటం దగ్గరికెళ్లి చూసింది. "చోటైతే పెట్టారు. చిన్నదే కదమ్మా, నువ్వు పడతావా అందులో? నీకు భయమైతే చెప్పు, పాస్టరుగారికి నేనే ఫోన్ చేసి వద్దంటాను. ఇందులో సిగ్గుపడేదేం లేదు."

"వద్దంటే ఈ ఖాళీ రేపు కూడా ఉంటుందా?"

"ఉంటుందనుకుంటా."

డయానా వెళ్లి తెల్ల గౌను వేసుకుంది. వెనక బొత్తాలు ఆంటీ పెట్టింది.

సముద్రంలో నడుం లోతుకి వెళ్లేసరికి కాళ్ల కింద ఇసుక జారడం మొదలైంది. "తండ్రి నామమున" అని పాస్టరుగారు మొదలుపెట్టి ఆమెని వెనక్కి వంచారు. అప్పుడే అల వచ్చింది. ఆయన చెయ్యి జారింది.

నీళ్ల కింద అంతా పసుప్పచ్చగా ఉంది. పక్కనే ఓ చిన్నపిల్ల వెక్కుతోంది. డయానా దాని చేతిని గట్టిగా పట్టుకుని ఉంది, పన్నెండేళ్లుగా వదల్లేదు. చచ్చిపోతున్నాననుకుంది. గులాబీ రంగు గౌను చెయ్యి ఒకటి వచ్చి, ఆమె వేళ్లని ఒక్కొక్కటే విడదీసింది. పిల్లని తీసుకుంది. డయానా లేచి నిలబడింది.

"సెకను కూడా మునగలేదమ్మా" అన్నారు పాస్టరుగారు, ఆయనకే ఊపిరాడనట్టు.

ఇంటికొచ్చి చూస్తే పటంలో ఖాళీ లేదు. ఇద్దరి మధ్యా నీలం స్కూలు గౌనులో తొమ్మిదేళ్ల పిల్ల ముడుచుకుని కూర్చుంది. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. గులాబీ గౌను ఆమె దాని వీపు నిమురుతోంది.

"నీ పోలికే" అంది ఆంటీ. "తలంతా తడి, జలుబు చేస్తుంది" అని తువ్వాలు తెచ్చి పటానికి వేలాడదీసింది.

సోమవారం డయానా ఇసుక ఊడవడానికి వచ్చేసరికి తువ్వాలు తడిసి ముద్దయి ఉంది. పిల్ల నిద్రపోతోంది. చప్పుడు చేయకుండా ఊడ్చి, బాత్రూంలోకి వెళ్లి, షవర్ తిప్పి, దాని కింద తల పెట్టింది.

శుక్రవారం కూటానికి ముందు ఆంటీ దుప్పటి పట్టుకుని గోడదాకా వెళ్లి ఆగిపోయింది. "చీకట్లో పిల్ల భయపడుతుంది" అని మళ్లీ మడతపెట్టేసింది. రాజారావుగారు వచ్చి, ఎర్ర పూల గుడ్డ ఆమె వైపు పోకుండా చూపు సర్దుకుని, పిల్ల వంక ఒకసారి చూసి, ప్రార్థనకి కళ్లు మూసుకున్నారు.