గొట్టంతో పోసిన నూనె

ఆ పొద్దున పడమట సర్విచెట్ల మీద చంద్రుడు ఇంకా దిగలేదు. తూర్పున సముద్రంలోంచి సూర్యుడు అప్పుడే తలెత్తాడు. మధ్యన ఆకాశం కడిగిన చేపపొట్టలా తెల్లగా ఉంది. పెద్దిరాజు అది చూసుకుంటూ పాకలోకి వెళ్ళాడు.

చుక్క పడుకుని ఉంది. లేచింది, ముందుకాలితో నేల గీరింది, మళ్ళీ పడింది. తల తిప్పి తన పొట్టవైపే చూసుకుంటోంది.

మోకాలు పాడై పడవ మానేశాక తెచ్చుకున్న గుర్రం అది. మంగినపూడి బీచికి వచ్చిన పిల్లల్ని ఎక్కించి నీళ్ళ అంచున తిప్పేవాడు. వానాకాలంలో ఒకసారి దానికి కడుపునొప్పి వస్తే బందరు నుంచి పశువుల డాక్టరు సునీత గారు వచ్చారు. లద్దిని సీసాడు నీళ్ళలో కలిపి కదలకుండా పెట్టారు. కాసేపటికి అడుగున వేలెడు మందాన ఇసుక దిగింది.

"నేలమీద వేసిన మేతతోపాటు ఇదంతా తింటోందండీ. టబ్బులో పెట్టండి. కొంచెం కొంచెం, ఎక్కువసార్లు. గడ్డే ముఖ్యం, తవుడు కాదు" అన్నారావిడ.

మూడు నెలలు అలాగే పెట్టాడు. నిన్న కార్తీక పున్నమి. స్నానాలకు వచ్చిన జనంతో ఇసుక కనపడలేదు. చుక్క వీపు ఖాళీ అవలేదు, మధ్యాహ్నం మేత తప్పింది. పొద్దుగూకే వేళకి గుర్తొచ్చి, జాలేసి, బకెట్టు నిండా తవుడు తెచ్చి ఇసుక మీదే కుమ్మరించాడు. టబ్బు పాకలో ఉంది. వంద అడుగులు నడవడానికి బద్ధకించాడు.

ఫోను చేస్తే డాక్టరు గారు, "నోట్లో ఏమీ పోయకండి. లేస్తే మెల్లగా నడిపించండి. గంటన్నరలో వస్తా" అన్నారు.

పెద్దిరాజు భార్య పాపాయమ్మకి అన్న యలమంద. పామిడిముక్కల నుంచి స్నానానికి వచ్చి రాత్రి ఇక్కడే ఉండిపోయాడు. ముప్పై ఏళ్ళుగా గేదెలు మేపుతున్న మనిషి.

"గంటన్నరా? ఆవిడ వచ్చేసరికి పొట్ట పగుల్తుంది బావా. వాము నూరి నూనెలో వేసి గొట్టంతో పోద్దాం. నా గేదెలెన్ని లేచాయో చెల్లెల్నడుగు."

"వద్దన్నారు బావా."

"నిన్న పొద్దున చూశాలే. కొలిచి పెట్టడం, నానబెట్టడం! గుర్రాన్ని కొన్నావా, కొత్తల్లుణ్ణి తెచ్చుకున్నావా? ఇప్పుడు మాత్రం ఊరికే చూస్తా కూచో."

చుక్క నాలుగు కాళ్ళూ పైకెత్తి దొర్లింది. మూలిగింది.

"సరే, కానీ" అన్నాడు పెద్దిరాజు.

యలమంద వెదురు గొట్టం కోసి తెచ్చాడు. చుక్క పరాయివాళ్ళకి నోరివ్వదు. పెద్దిరాజు దవడ కింద చెయ్యిపెడితే చాలు, తెరుస్తుంది. ఆవేళా తెరిచింది. అతను తల ఎత్తి పట్టాడు. యలమంద పోశాడు. సగం పోసేసరికి గుర్రం ఉక్కిరిబిక్కిరై దగ్గింది. ముక్కుల్లోంచి నూనె కారింది.

"కారనీ, లోపలికి పోయింది చాలు" అన్నాడు యలమంద. ఆ గొంతులో ఇందాకటి ధీమా లేదు.

డాక్టరు గారు వచ్చి ఇంజక్షన్లు చేశారు, ముక్కులోంచి సన్నగొట్టం దింపి మందు పంపారు. సాయంత్రానికి చుక్క లద్ది వేసింది. అందులో ఇసుక. పాపాయమ్మ చేతులు జోడించింది. డాక్టరు గారు మాత్రం గుర్రం రొమ్ముకి స్టెతస్కోపు ఆనించి చాలాసేపు విన్నారు.

"నూనె ఊపిరితిత్తుల్లోకి పోయింది. ఎవరు పోశారు?"

యలమంద గుంజ పట్టుకుని నిలబడ్డాడు.

"నేనేనండి" అన్నాడు పెద్దిరాజు.

అది అబద్ధమని అతనికి అనిపించలేదు. తల ఎత్తి పట్టింది తన చెయ్యే.

మర్నాడు కడుపు మెత్తబడింది. గడ్డి ఇస్తే టబ్బులోంచి రెండు పరకలు తింది కూడా. ఊపిరి మాత్రం చిల్లుపడ్డ తిత్తిలా కొట్టుకుంది. మందులు పట్టలేదు. మూడోనాటి పొద్దున, అతను నీళ్ళు మార్చి వచ్చేలోపు పోయింది.

సర్వితోట వెనక గొయ్యి తీశారు. యలమంద ఇంకా ఊరికి వెళ్ళలేదు. అందరికంటే ఎక్కువసేపు తవ్వింది అతనే. పార ఇమ్మంటే ఇవ్వలేదు.

ఇద్దరూ బోరింగు దగ్గర కాళ్ళు కడుక్కుని వచ్చారు. పాపాయమ్మ ముగ్గురికీ పళ్ళాలు పెట్టింది. ఆవేళ చేప వండలేదు. వేడన్నం, పప్పు, మజ్జిగ. యలమంద అన్నం కలిపాడుగానీ ముద్ద ఎత్తలేదు.

పెద్దిరాజు పప్పుగిన్నె అందుకుని, బావ పళ్ళెంలో ఒక గరిటె వేసి, తన పళ్ళెం దగ్గరికి లాక్కున్నాడు. కాసేపటికి యలమంద చెయ్యి కదిలింది. గుమ్మంలోంచి పాక కనపడుతోంది. టబ్బులో మిగిలిన గడ్డిని పొరుగు మేక లాగుతోంది. దాన్ని ఎవరూ అదిలించలేదు. ముగ్గురూ తల వంచుకుని తిన్నారు.