నేను ఏడ్చేకాడ గీత లేస్తాది

సంగటి కెలుకుతాంటే మా ఆయన, "కొంచెం ఈ పక్కకు తిరుగు మహీ, ఫోన్లో మొగం పడల్యా" అన్నాడు. అప్పుడే తెలిసిపోయింది, ఈ పొద్దు నాకేదో జరగబోతాదని. ఇంకొంచెం పిండి వేద్దామని డబ్బా మూత తీసినా. రబ్బరు పాము ఎగిరి మీద పడింది. ఉలిక్కిపడి కాలే గిన్నెను చేత్తో పట్టుకున్నా. బొబ్బలెక్కిన ఆ చేత్తోనే ముద్దలు చేసి పెట్టినా. మా అత్త బయమ్మ తింటా తింటా, "బాగా అరిచినావులే" అనింది.

హిందూపురంలో మా ఆయన శశికుమార్ సెల్లు రిపేరు అంగడి మూసేసినంక పట్టుకున్న పని ఇది. నన్ను భయపెట్టేది, ఏడిపించేది, దాన్ని ఫోన్లో తీసి వీడియోల కంపెనీలో పెట్టేది. ఆ కంపెనీ ఏ దేశంలో ఉండాదో కూడా నాకు తెల్దు. ఒకసారి అడిగినా, "చూసేటోళ్లు పైసా ఇయ్యరు గదా, మరి దుడ్లు యాడివి?" అని. భలే సంతోషంగా చెప్పినాడు. మధ్యలో సబ్బు, నూనె అడ్వటైజ్‌మెంట్లు వస్తాయంట. ఆ సబ్బోళ్లు కంపెనీకి ఇస్తారంట. కంపెనీ తన వాటా పట్టుకొని మిగిలింది ఈయన బ్యాంకులో వేస్తాదంట. జనం ఎంతసేపు కండ్లు తిప్పకుండా చూస్తే అంత.

"కంపెనీకి మూడు నెల్లకు వేల వేల కోట్లు మహీ! ఫోను వాళ్లది కాదు, ఇల్లు వాళ్లది కాదు, మనిషీ వాళ్ల మనిషి కాదు. ఎట్లుంది తెలివి?" అంటా ఫోన్లో ఒక గీత చూపించినాడు. "ఈడ నువ్వు నవ్వినావు, జనం పోతాండారు. ఈడ ఏడ్చినావు, చూడు, గీత పైకి లేసింది. మళ్లా మళ్లా ఎనక్కి తిప్పి చూసినారు."

కంపెనీకీ వాటా, ఆయనకీ వాటా. కాలిన చెయ్యి మాత్రం నాది. వంట చేస్తాన్నా, బట్టలు ఉతుకుతాన్నా, తల దువ్వుకుంటాన్నా ఎప్పుడేం మీద పడతాదో అని బిక్కుబిక్కుమంటా బతికేది నేను. నాకొద్దంటే, "ఇంటి పని చేస్తే ఎవరన్నా దుడ్లిస్తారా? దీనికిస్తాండారు గదా" అన్నాడు. ఎవరికిస్తాండారు?

ఒక పొద్దున కొళాయి కాడ ఉంటే ఫోనొచ్చింది. తెలియని గొంతు. "తిప్పన్న కూతురా? మీ నాయన్ను లారీ గుద్దింది. మడకశిర ఆసుపత్రికి రా." బిందె అట్లే వదిలేసి చెప్పుల్లేకుండా బస్సెక్కినా. ఎవరో ముసలామె దారిపొడుగునా నా చెయ్యి పట్టుకొని కూర్చుంది. ఆసుపత్రిలో మంచం మంచం కాడికీ పోయి చూసినా. మొగమంతా కట్లు కట్టిన ఒకాయన కాళ్లు పట్టుకొని "నాయనా" అని అరిచినా. ఆయన మా నాయన కాదు. తలుపు చాటు నుంచి శశికుమార్ నవ్వుకుంటా వచ్చినాడు, ఫోను ఎత్తి పట్టుకొని. బైకులో నాకంటే ముందే వచ్చి కాచుకున్నాడంట. ఫోన్లో మాట్లాడింది ఆయన స్నేహితుడంట.

లక్షల మంది చూసినారు. గొర్రెలు మేపుకుంటాండే మా నాయనకూ ఎవరో చూపించినారు. ఫోన్ చేసి, "నన్ను లారీ గుద్దిందంటే జనాలకు అంత నవ్వామ్మా?" అన్నాడు.

తీసేయమన్నా. తీయనన్నాడు. కంపెనీకే ఫిర్యాదు పెట్టినా. "మా నియమాలకు విరుద్ధంగా ఏమీ లేదు" అని జవాబొచ్చింది. మళ్లా ఆ వీడియో తెరిస్తే, నేను ఆ కట్ల మనిషి కాళ్లు పట్టుకునే ముందర ఒక బీమా అడ్వటైజ్‌మెంటు. నాన్నను ప్రేమించేవాళ్లు ముందే ఆలోచిస్తారంట!

అప్పుడు తెలిసింది నాకు. చూసే జనం దుడ్లిచ్చి కొనే బేరగాళ్లు కాదు. బేరగాళ్లు ఈ బీమావాళ్లు, సబ్బువాళ్లు. నేను సరుకు. సరుకు మొత్తుకుంటే అంగడోడు వింటాడా? దుడ్లిచ్చేటోళ్లు చెప్పల్ల.

ఆ వీడియోలోనే వచ్చే మా బట్టల సబ్బు కాగితం మీద నంబరుంటే దానికి ఫోన్ కొట్టినా. ఒక అమ్మాయి ఎత్తింది.

"సబ్బు గురించి ఫిర్యాదా మేడం?"

"సబ్బు బాగానే ఉండాది మా. మా నాయన్ను లారీ గుద్దిందని అబద్ధం చెప్పి నన్ను ఏడిపించిన వీడియోలో మీ సబ్బు అమ్ముతాండారు. దానికి దుడ్లు మీరే ఇస్తాండారు. మీ పైవాళ్లకు చెప్పు."

ఆ పిల్ల, "రాసుకుంటున్నా అక్కా" అనింది. బీమావాళ్లకు చేసినా. నూనెవాళ్లకు చేసినా. పెట్టేస్తే మళ్లా చేసినా.

నా ఏడుపుకు కదలని కంపెనీ, ఆ దుడ్లిచ్చేటోళ్ల మాటకు కదిలింది. మా ఆయన వీడియోలన్నిటికీ అడ్వటైజ్‌మెంట్లు ఆపేసినారు. తల పట్టుకొని కూర్చున్నాడు. "ఎవరు చేసినారో, వాళ్లు నాశనమైపోతారు."

"నేనే" అన్నా.

చెయ్యెత్తినాడు.

"కొట్టు. ఆ వీడియో తీసుకొని స్టేషనుకు పోతా. సాక్ష్యం నువ్వే తీసి పెట్టినావు."

చెయ్యి దిగింది. "ఇంక ఏం తిని బతకల్ల?"

"నువ్వేం తింటావో నాకు తెల్దు. రేపటి నుంచి నేను గార్మెంట్స్‌కు పోతాండా. పేరు రాయించి వచ్చినా. జీతం నా ఖాతాలో పడతాది."

బయమ్మ వాకిట్లో నుంచి అరిచింది. "నువ్వు పోతే ఇంట్లో పనులెవరు చేస్తారే?"

"ఫోను పట్టుకున్న చేతులు ఇప్పుడు ఖాళీనే గదా, అత్తా."