పుచ్చు వంకాయల గిరాకీ

పురుగు పట్టకుండా జన్యువులు మార్చిన బీటీ వంకాయ తింటే లేనిపోని రోగాలొస్తాయని ఊరంతా ఒకటే లొల్లి. ఆ రకం ఇంకా బజారుకే రాలేదని చెప్పీ చెప్పీ మీర్ ఆలం మండీలో కూరగాయలమ్మే మోయిన్ నోరు నొప్పెట్టింది.

"పుచ్చులే ఏరివ్వవయ్యా. పురుగు తిన్నదైతే మనమూ నిశ్చింతగా తినొచ్చు," అన్నారు గుమాస్తా పరబ్రహ్మం. ఇన్నేళ్లూ తన మేకకు పడేసిన కాయలనే మోయిన్ తూచి ఇచ్చాడు.

మర్నాడు ఆయన సంచీ తెచ్చి అంగడి ముందు గుమ్మరించారు. "కోస్తే అన్నీ పురుగులే! ఇవి మనుషులు తినేవేనా?"

"మీరే అడిగితిరి గద సార్," అన్నాడు మోయిన్ నీరసంగా.

వెనక నిలబడ్డ ఆవిడ ఆత్రంగా ముందుకొచ్చింది. "నిజంగనే పురుగులున్నయా భాయ్? గట్లయితే గవే నాకియ్యి."

మోయిన్ తక్కెడ అందుకున్నాడు. మేకకు ఆ పూట కూడా పస్తే.