పత్తి ఏరే రోజు మీటింగు

పెరుగన్నం కలిపి గిన్నె మీద మూత పెట్టేసరికి మా ఆయన ప్రశాంత్ చెప్పులు వేసుకున్నాడు. "జల్ది నడువు విద్యా. కూలోళ్లు చేన్ల నిలబడ్డరు."

మంచు ఆరితే గాని పత్తి ఏరరు. తొలిసారి ఏరే రోజు చేను గల ఇంటి ముత్తైదువ చెట్టు మొదట్లో పెరుగన్నం పెట్టాలి. అంతవరకూ ఎవరూ పత్తి ముట్టరు. మహారాష్ట్రలో మా రాజురా వైపు మరాఠీవాళ్లకూ మా తెలుగువాళ్లకూ ఒకటే పద్ధతి. మామ లచ్చయ్య పోయాక అత్త రాజమ్మను అన్నం పెట్టనివ్వలేదు, అప్పట్నుంచీ నేనే పెడుతున్నాను. విత్తనం వేసేదీ కలుపు తీసేదీ మాత్రం ఆమే.

సరిగ్గా అదే వేళకు నాకు మీటింగు. పుణె కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తాను. మనం రాసిన ప్రోగ్రాంను కంప్యూటర్ భాషలోకి మార్చే కంపైలర్‌ను తయారుచేయడం మా పని. అది ప్రోగ్రాంను ముందు చెట్టులా విడదీసుకుంటుంది. ఒక్కో పని చేసే ముక్క, అంటే ప్రతి ఫంక్షన్, ఒక కొమ్మ. అది ఏ రకం విలువలు తీసుకుంటుందో, ఏ రకం తిరిగి ఇస్తుందో దాని రెమ్మల్లో ఉంటుంది. ఇచ్చే రకం రాయకపోతే ఆ చోటు ఖాళీగా ఉంచాలంటాను నేను. నాతో పనిచేసే అరవింద్ అక్కడ 'ఏమీ ఇవ్వదు' అని నింపేద్దామంటాడు. రాయకపోవడం వేరు, ఇవ్వకపోవడం వేరు. ఈరోజు నేను లేకపోతే అతని మాటే ఖాయమవుతుంది.

ఈ సంగతి నిన్ననే ప్రశాంత్‌కు చెప్పాను. ఇంట్లో కూర్చొని మీటలు ఒత్తేదే కదా, ఇంకోరోజు ఒత్తమన్నాడు, నవ్వుతూనే. నేనూ నవ్వి పాలు తోడుపెట్టాను.

కూలి ఆడవాళ్లకు తూకం మీద డబ్బు. నేను ఆలస్యం చేస్తే వాళ్ల సంచులు నిండవు. మీటింగు వెనక్కి జరపమని అడిగితే కుదరదన్నారు. ఎటు తిరిగినా తప్పు నా మెడకే చుట్టుకుంటోంది.

గిన్నె ప్రశాంత్ చేతిలో పెట్టి, చేనులో ఉన్న అత్తకు ఫోన్ చేశాను.

"అత్తమ్మా, అన్నం నువ్వే పెట్టు."

"నేనెట్ల పెడ్తనే? మంది ఏమంటరు?"

"నేనే పెట్టుమన్ననని చెప్పు. పంట నీ చేతిదే గద."

అత్త మెల్లగా అడిగింది. "నీకు మీటింగున్నదనేనా బిడ్డా?"

'నువ్వే పెట్టు' అన్న మాట ఇన్నేళ్లలో నా నోట ఎన్నడూ రాలేదు. అబద్ధం చెప్పలేకపోయాను. "అవునత్తమ్మా."

మీటింగులో నా మాటే నిలిచింది. అరవింద్ కూడా మెచ్చుకున్నాడు. అత్త అడిగిన మాట చెవుల్లో ఉండగా ఆ మెప్పు నాకు రుచించలేదు.

పొద్దు వాలాక అత్త వచ్చింది. జుట్టంతా పత్తి నూగు. కాళ్లు కడుక్కొని, నీ పని అయిందా అని అడిగింది. అయిందన్నాను. చెంబు బోర్లించి, నా వైపు చూడకుండా అంది.

"వచ్చే ఏడు నీకు మీటింగు లేకున్నా అన్నం నేనే పెడ్త."