ఎదురు నొక్కని చెయ్యి

"సుయున్చు! సుయున్చు!" అని అరుస్తూ మా ఆయన ఎల్దియార్ వంటగదిలోకి దూసుకొచ్చాడు. మంచి కబురు తెచ్చినవాడు ఆ మాట అంటే, వినేవాళ్లు ఏదో ఒకటి చేతిలో పెట్టాలి. నా చేతిలో అప్పుడే నూనెలోంచి తీసిన బోర్సోక్ పిండిముక్క ఉంది. దాన్ని అతని నోట్లో పెట్టాను. నాలుక కాలి, ఊదుకుంటూ, కళ్లలో నీళ్లతోనే కబురు చెప్పాడు.

"బిష్కెక్ నుంచి డాక్టర్ ఫోన్ చేశారు. నాన్న నడుము స్కాన్‌లో ఏమీ లేదట. ఆపరేషన్ అక్కర్లేదట!"

అత్తయ్య పిండి చేతులతోనే నన్ను వాటేసుకుంది. నా ముదురు నీలం గౌను వీపు మీద ఆవిడ వేళ్లు తెల్లగా అచ్చుపడ్డాయి. ఎల్దియార్ చూపిస్తే అద్దంలో చూసుకుని మురిసిపోయాను. దులపబుద్ధి కాలేదు.

నిజానికి ఆ వసంతంలో మాకెవరికీ సంతోషించడానికి కూడా ఓపిక లేదు. కొత్తకోడలిని ప్రతి బంధువూ తన పొయ్యి దగ్గరికి పిలిచి విందు పెట్టాలి. పిలిస్తే ఇంటిల్లిపాదీ వెళ్లాలి. పగలంతా కొచ్కోర్ ఆస్పత్రిలో ఫిజియోథెరపీ గదిలో జనం భుజాలూ మోకాళ్లూ లేపి దించి, సాయంత్రం తలగుడ్డ సర్దుకుని ఎవరో ఒకరి గుమ్మంలో నడుము వంచి దండాలు పెట్టేదాన్ని. తిరిగొచ్చేటప్పుడు కారులో ఎల్దియార్ భుజం మీద నిద్రపోవడం ఒక్కటే సుఖం. అదీ చాలా గొప్ప సుఖం.

కబురు విని మామగారు లోపలి గదిలోంచి వచ్చారు. కోడలు మామగారి పేరు పలకకూడదు కనుక ఇక్కడా రాయను. ఆయన అడుగు వేసినప్పుడల్లా కుడిపాదం ముందుభాగం లేవక, నేలమీద చప్పున పడుతోంది.

"విన్నారా? నడుము ఇనుములా ఉందట. రేపు గుర్రాల మందతో కొండమీది మేతకి నేనే వెళ్తున్నా. ఒరేయ్, జీను దించు" అన్నారు.

నా చేతిలో గరిటె ఆగిపోయింది. వేళ్లు పైకి లేవని పాదం రికాబులో మడమ దాకా జారిపోతుంది. గుర్రం బెదిరి మనిషి పడితే, పాదం ఊడి రాదు. గుర్రం ఈడ్చుకుపోతుంది.

"అత్తయ్యా, నడుము బాగుంటే ఆ కాలెందుకు లేవట్లేదు?" అని మెల్లగా అడిగాను.

"ఒక్క పూట సంతోషపడనీవే తల్లీ!" అంది ఆవిడ బొంతల మీద కూలబడుతూ.

పాదం వాలిందనగానే అందరూ నడుమునే అనుమానించారు. స్కాన్ కోసం ఎదురుచూశారు. కాలు పట్టుకుని చూసినవాళ్లు లేరు. ఇంట్లో నేనున్నాను గానీ, మామగారి ఎదుట మేజోళ్లు లేకుండా తిరగని కోడలు ఆయన కాలెలా పట్టుకుంటుంది?

ఎల్దియార్ పశువుల డాక్టర్. పొద్దున్నుంచీ మందకి మందులు తాగించి, నిలబడే కునుకు తీస్తున్నాడు. అతన్ని ఆయన ముందు కూర్చోబెట్టి, నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. చేతులు అతనివి, మాటలు నావి.

"ముందు మడమల మీద నడవమను."

"బాతులాగానా?" అన్నారు మామగారు. నడిచారు. ఎడమ పాదం లేచింది. కుడిది లేవలేదు.

"ఇప్పుడు కూర్చుని పాదం పైకి లేపమను. నువ్వు కిందికి నొక్కు."

"బలంగానే ఉంది" అన్నాడు ఎల్దియార్.

"బయటివైపుకి తిప్పమను. నువ్వు లోపలికి నెట్టు."

"ఇదీ బలంగానే ఉంది."

నడిచినప్పుడు లేవని పాదానికి బలం ఎక్కడిది? ఒకడుగు ముందుకేసి చూశాను. తండ్రి కాలు కదిలే లోపే కొడుకు చెయ్యి వెనక్కి తగ్గిపోతోంది!

"నువ్వు నొక్కట్లేదు."

"నొక్కుతున్నా."

"గుర్రం డెక్క ఇలాగే పట్టుకుంటావా?"

"గుర్రం నాకు నాన్న కాదుగా! ఆయన కాలికి ఎదురెలా నొక్కను, మెయెరిం?"

అత్తయ్య పకపకా నవ్వింది. "చిన్నప్పుడు కుస్తీలోనూ ఇంతే. వాళ్ల నాన్న వేలు తగిలితే చాలు, వీడే వెల్లకిలా పడేవాడు."

"సరే, నువ్వు లే" అన్నారు మామగారు. "పిల్లా, నువ్వు రా."

"ఓయ్ ముసలాయనా! కోడలు పిల్ల కదా!" అంది అత్తయ్య.

"ఆస్పత్రిలో మా తమ్ముడి మోకాలు పట్టుకుంది కదా. నా కాలేం పాపం చేసింది?"

నేను వంగి దండం పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాను. చెవులు వేడెక్కాయి. పాదాన్ని పట్టుకున్నాక మాత్రం ఆస్పత్రిలో ఉన్నట్టే అనిపించింది.

పైకి లేపమన్నాను. నా రెండు వేళ్లకే ఓడిపోయింది. బయటికి తిప్పమన్నాను. అదీ అంతే. లోపలికి తిప్పమన్నప్పుడు మాత్రం నా అరచేతిని పక్కకి నెట్టేశారు. నాకు ఊపిరి ఆడింది. నడుములో నరం నలిగితే ఆ బలమూ తగ్గాలి. పక్కకి పడుకోబెట్టి కాలు మొత్తం లేపించాను. తుంటి గట్టిగా ఉంది. ఇక మిగిలింది మోకాలు. దానికి కాస్త దిగువన, బయటివైపు ఎముక బుడిపె వెనక వేలితో తట్టాను.

"అమ్మో! పాదం మీద చీమలు పాకాయి!"

"నరం ఇక్కడ నలిగింది మామయ్యా. చర్మం కిందే ఉంటుంది. మీరు విందులో ఎలా కూర్చుంటారో అలా కూర్చోండి."

బాసింపట్టు వేశారు. కుడికాలు కిందికి వెళ్లింది. బుడిపె సరిగ్గా నేలకీ పైకాలికీ మధ్య ఇరుక్కుంది.

"ఇలా ఎంతసేపు?"

అత్తయ్య అందుకుంది. "మొదటి టీ నుంచి చివరి దీవెన దాకా. తలుపుకి ఎదురుగా పెద్దపీట మీద కూర్చున్నవాడు మధ్యలో లేస్తే ఇంకేమైనా ఉందా? కాళ్లు చాపితే అంతకంటే అప్రతిష్ఠ. దానికితోడు చలికాలంలో జబ్బుచేసి కండంతా కరిగిపోయిందాయె."

ఆ విందులన్నీ మా కోసమే.

"అంటే మీ పెళ్లే నా కాలు పడగొట్టిందన్నమాట" అన్నారు మామగారు. నేను తలవంచుకున్నాను. ఆయన దగ్గొచ్చేదాకా నవ్వారు. "మచ్చిక కాని గుర్రాలేవీ పడెయ్యలేదు. చివరికి మాంసం పళ్లెం పడేసింది!"

"బలం తిరిగొస్తుందనే నా నమ్మకం మామయ్యా. కొన్ని నెలలు పట్టొచ్చు. బాసింపట్టు వద్దు. పాదం వాలకుండా పట్టీ కడతాను. కానీ అది లేచేదాకా గుర్రం ఎక్కకూడదు."

ఆ నవ్వు పోయింది. కిటికీలోంచి దొడ్డి కనిపిస్తోంది. ఆడగుర్రాలు కొండవైపు మెడలు చాచి నిలబడ్డాయి.

"నేను ముందు లేకుండా ఆ మంద ఎప్పుడూ కొండెక్కలేదు" అన్నారు. ఎల్దియార్ గుమ్మం వైపు చూశాడు. తండ్రి జీను అడిగితే వెళ్లి తెచ్చేస్తాడు. నాకు తెలుసు.

మామగారు కాలు మళ్లీ నా ముందుకు చాపారు. "ఇంకోసారి నొక్కు. మొహమాటపడకు."

ఆయన పళ్లు బిగించి, మెడ నరాలు ఉబ్బేలా లేపారు. నేను కరుణించలేదు. నా రెండు వేళ్ల కింద పాదం మెల్లగా వాలిపోయింది. ఆయన దానివంకే చూస్తూ ఉండిపోయారు. తర్వాత మేజోడు తీసుకుని, ఎవరి సాయమూ లేకుండా తొడుక్కున్నారు.

"సరే. ఇక వినండి" అన్నారు. "రేపు తెల్లవారగానే మందని వీడు తోలుకెళ్తాడు, నా జీను మీదే. నేను సామాను లారీలో, పొయ్యికీ కోడలికీ మధ్య కూర్చుంటాను. రెండు కాళ్లూ చాపుకుని."